సంచిలో రెండు రకాల రాళ్లు

మధురానగర్ మెట్రో స్టేషన్‌లో దిగి అమీర్‌పేట వైపు నడిస్తే కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టళ్ల బోర్డులు వరుసగా కనిపిస్తాయి. ఇంకాస్త ముందుకు వెళ్తే పంజగుట్టలో నిమ్స్ ఆస్పత్రి. నడుమ దుకాణాలు, ల్యాబులు, లాయర్ల ఆఫీసులు. ఈ కొద్ది దూరంలోనే సామాన్యుడు సరుకు, చదువు, వైద్యం, న్యాయం అన్నింటికీ డబ్బు చెల్లిస్తాడు. ఈ నాలుగు చోట్లా దోపిడీ జరుగుతోందని టీవీల్లోనూ టీ కొట్ల దగ్గరా చర్చ నడుస్తూనే ఉంది. ఆ చర్చంతా ధరల చుట్టూనే తిరుగుతోంది. మేము అడిగేది ఒక్కటే: నష్టపోయినవాడు ఎవరి గడప తొక్కాలి?

దుకాణదారు మోసం చేస్తే దారి స్పష్టం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరును పెట్టుకోవాలన్న నిబంధన కూడా లేదు.

వైద్యుల విషయంలో సుప్రీంకోర్టు 1995 నవంబరులోనే తేల్చిచెప్పింది. డబ్బు తీసుకుని చేసే వైద్యం ఈ చట్టం కిందికి వస్తుంది. అందరికీ ఉచితంగా సేవ చేసే ఆస్పత్రులకే మినహాయింపు.

లాయర్ల విషయంలో 2024 మే 14న అదే కోర్టు వేరే మాట చెప్పింది. న్యాయవాద వృత్తి ప్రత్యేకమైనదని, వారి సేవలో లోపాలు వినియోగదారుల చట్టం పరిధిలోకి రావని తీర్పునిచ్చింది. కేసు పాడుచేసిన లాయరు మీద బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. కౌన్సిల్ మందలించవచ్చు, సస్పెండ్ చేయవచ్చు, పేరు తొలగించవచ్చు. కానీ నష్టపరిహారం కావాలంటే సివిల్ కోర్టులో దావా వేయాలి. దానికి కోర్టు ఫీజు కట్టాలి, మరో లాయరును పెట్టుకోవాలి, ఏళ్ల తరబడి తిరగాలి.

చదువు సంగతి ఇంకా అయోమయం. ప్రవేశాలు, ఫీజుల విషయంలో విద్యాసంస్థలు వినియోగదారుల చట్టం కిందికి రావని 2012లో సుప్రీంకోర్టు అంది. 2020లో ఆ ప్రశ్న మళ్లీ అదే కోర్టు ముందుకు వచ్చింది. కోచింగ్ సెంటర్లపై మాత్రం కొంత కదలిక ఉంది. ఉద్యోగం గ్యారంటీ, ర్యాంకు గ్యారంటీ అంటూ తప్పుడు ప్రకటనలు ఇవ్వకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది.

లాయర్ల వాదనలో బలం లేకపోలేదు. వారికి క్లయింటు పట్లే గాక కోర్టు పట్ల కూడా బాధ్యత ఉంది. తీర్పు వారి చేతిలో ఉండదు. అయితే ప్రాణం కూడా డాక్టరు చేతిలో ఉండదు గదా! రోగి చనిపోయినంత మాత్రాన చట్టం డాక్టరును శిక్షించదు, తీసుకోవలసిన జాగ్రత్త తీసుకున్నాడా లేదా అని మాత్రమే చూస్తుంది. ఆ కొలతే లాయరుకూ, కాలేజీకీ ఎందుకు సరిపోదు?

2024 తీర్పు ఇచ్చిన ధర్మాసనం, వైద్యులపై 1995 తీర్పును కూడా పునఃపరిశీలించాలని అభిప్రాయపడింది. ఆ ఏడాది నవంబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాని అవసరం లేదంది. మంచిదే అయింది. లాయరుకు లేని బాధ్యత డాక్టరుకూ తీసేస్తే సమానత్వం వస్తుందేమో గానీ, రోగికి ఉన్న ఒక్క తలుపూ మూసుకుపోతుంది. త్రాసును బలహీనుని వైపు నుంచి సరిచేయాలి. ఆ పని పార్లమెంటు చట్ట సవరణతో చేయవచ్చు.

సంచిలో పెద్దదీ చిన్నదీ రెండు రకాల తూనికరాళ్లు ఉంచుకోవద్దని మోషే ధర్మశాస్త్రం ఆజ్ఞాపించింది. దొంగ త్రాసుతో బీదలను మోసగించే వర్తకులను ఆమోసు ప్రవక్త గద్దించాడు. ఆరాధన ఎప్పుడు ముగుస్తుందా, అంగడి ఎప్పుడు తెరుద్దామా అని ఎదురుచూసిన వారే ఆ వర్తకులు. అంటే ఆ గద్దింపు మందిరానికి వచ్చేవారి మీదే.

కనుక చట్టం మారేవరకు సంఘం చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. ఈ సంగతి మన సంఘాల్లో ఎంతమందికి తెలుసు? వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరును ఆదివారం ప్రకటనల్లో చదివితే ఎవరికీ నష్టం లేదు. సంఘంలోని చదువుకున్న యువకులు నెలకొక్కసారి కూర్చుని ఫిర్యాదులు రాసిపెడితే, అది కూడా పరిచర్యే.

ఇక క్రైస్తవుల పేరుతో నడిచే బడులు, ఆస్పత్రులు కూడా ఫీజులు తీసుకుంటున్నాయి. ఏ సేవకు ఎంత, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారు, ఫిర్యాదు ఎవరికి చేయాలి అన్నది తెలుగులో రాసి గేటు దగ్గర పెట్టాలి. కోర్టు అడిగేవరకు ఆగకుండా మన సంస్థలు ఈ పని ముందుగా చేయాలని మేము కోరుతున్నాం. ఇతరుల త్రాసును ప్రశ్నించే ముందు మన త్రాసు నలుగురి ముందూ ఉండాలి.