పిండిని పొంగించేదెవరు?

చలికాలం వస్తే చాలు, కొన్ని ఇళ్లలో కోడళ్ల హస్తవాసి మీద విచారణ మొదలవుతుంది. ఇడ్లీ గట్టిగా వచ్చిందా, పిండి రుబ్బిన చేతిదే తప్పు! మా ఇంట్లో ఈ విచారణ జరుగుతూండగా, మూడో తరగతి చదివే మావాడు అడిగాడు: "అమ్మ చెయ్యి కడిగేసుకుంది గదా, రాత్రంతా పొంగించేదెవరు?"

పిల్లలున్న ఇంట ఈ సంగతి తేల్చడం తేలిక. నాలుగు గాజు గ్లాసులు తీసుకోండి. ఒకదానిలో రుబ్బిన మినప్పిండి, ఒకదానిలో నానిన ఇడ్లీరవ్వ, తక్కిన రెంటిలో రెండూ కలిపిన పిండి, అన్నీ సగానికే పొయ్యండి. మట్టం దగ్గర దారం కట్టి, వదులుగా మూత పెట్టండి. కలిపిన పిండి గ్లాసు ఒకటి ఫ్రిజ్‌లోకి, మిగిలినవి పొయ్యిగట్టు మీదికి.

తెల్లవారేసరికి రవ్వ అడుగున, నీళ్లు పైన. గట్టు మీది మినప్పిండీ, కలిపిన పిండీ దారం దాటి ఉంటాయి. ఫ్రిజ్‌లోది ఉన్నచోటే ఉంటుంది.

మినుములను అంటిపెట్టుకుని వచ్చే సూక్ష్మజీవులు పిండిలోని చక్కెర తిని కార్బన్ డయాక్సైడు వదులుతాయి. (పాత పుస్తకాలలో దీని పేరు బొగ్గుపులుసు వాయువు, వంటింటికి ఆ పేరే నప్పుతుంది.) వాటిలో ల్యూకోనోస్టాక్ అనేదే ముఖ్యమని 1965లో అచ్చయిన పరిశోధన ఒకటి తేల్చింది. మినప జిగురు ఆ బుడగలను పట్టి ఉంచుతుంది. రవ్వకు ఆ జిగురు లేదు. చలికి ఆ జీవులు మందగిస్తాయి. కోడలి చేతికి ఇందులో ప్రమేయం లేదు.

గ్లాసుల్లోది పారబొయ్యకండి. అంతా కలిపితే ఒక వాయి ఇడ్లీ అవుతుంది.