గోలీ కష్టం

లాలాగూడ రైల్వే క్వార్టర్ల మధ్య కాస్త ఖాళీ జాగా దొరికితే చాలు, పిల్లలు ఆట మొదలెట్టేస్తారు. పేచీ అంతా గోల్‌లో ఎవరు నిలబడాలన్న దగ్గరే. కొట్టడానికి అందరూ సిద్ధం, ఆపడానికి ఎవరూ రారు. చివరికి చిన్నవాడినో, నోరులేనివాడినో పట్టుకొచ్చి రెండు ఇటుకల మధ్య నిలబెడతారు. బంతి లోపలికి పోయిందా, తిట్లన్నీ వాడికే. ఆపితే మాత్రం మెచ్చుకునేవాళ్లుండరు. ‘వాడి పని అదేగా!’ అంటారు.

ఆ తిట్లు దేశమంతా కలిసి తిడితే ఎలా ఉంటుందో మీర్ రంజన్ నేగీకి తెలుసు.

1982 ఢిల్లీ ఏషియాడ్. మన ఇళ్లల్లోకి రంగుల టీవీ వచ్చిన ఏడాది. హాకీ ఫైనల్లో ప్రత్యర్థి పాకిస్తాన్. ప్రధాని ఇందిరాగాంధీ కూడా స్టేడియంలో ఉన్నారు. మనం 1-7తో ఓడిపోయాం. గోల్‌లో ఉన్నది నేగీ. బంతి గోల్‌కీపర్ దాకా వచ్చిందంటే, మిగతా పదిమందినీ దాటి వచ్చినట్టే. కానీ ఆ లెక్క ఎవరు చూస్తారు? ఏడు గోల్సూ అతని ఖాతాలోనే పడ్డాయి. డబ్బు తీసుకుని వదిలేశాడన్నారు. రుజువు ఒక్కటీ లేదు. అయినా నింద మాత్రం వదల్లేదు. దేశం తరఫున అతని ఆట అక్కడితో ముగిసిపోయింది.

పదహారేళ్లు గడిచాయి. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడలకు వెళ్లిన జట్టుకి గోల్‌కీపింగ్ కోచ్‌గా నేగీని పిలిచారు. మన సికింద్రాబాద్ ముకేశ్ కుమార్ ఆడిన జట్టే అది. ఫైనల్లో కొరియాతో స్కోరు సమం కావడంతో ఆట పెనాల్టీ స్ట్రోకుల దాకా వెళ్లింది. అంటే భారమంతా గోలీ మీదే. ఆశిష్ బల్లాల్ రెండు స్ట్రోకులు ఆపాడు. 1966 తర్వాత మళ్లీ అప్పుడే మనకు ఆసియా క్రీడల హాకీ స్వర్ణం దక్కింది. 2002లో మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచిన మహిళల జట్టుకూ నేగీయే గోల్‌కీపింగ్ కోచ్.

2007లో వచ్చిన ‘చక్ దే ఇండియా’ చూసినవాళ్లకి ఈ కథ తెలిసినట్టే అనిపిస్తుంది. అందులో నటించినవాళ్లకి హాకీ నేర్పింది నేగీయే. అయితే సినిమాలో నింద మోసే కబీర్ ఖాన్ గోల్‌కీపర్ కాదు, పెనాల్టీ స్ట్రోకును గోల్ చేయలేకపోయిన కెప్టెన్. 

కాలం కొంత మారింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచి ఆట నుంచి తప్పుకున్న గోల్‌కీపర్ శ్రీజేష్‌ను వెంటనే జూనియర్ జట్టుకి కోచ్‌ని చేశారు. 2025లో మన దేశంలోనే జరిగిన జూనియర్ ప్రపంచకప్‌లో ఆ కుర్రాళ్లు కాంస్యం గెలిచారు. గెలిచిన గోలీ కోచ్ కావడానికి రోజులు చాలాయి. ఓడిన గోలీకి పదహారేళ్లు పట్టింది.

గోల్ పడ్డాక బంతిని వలలోంచి తీసి బయటికి పంపి, మళ్లీ అక్కడే నిలబడాలి. గోలీకి అన్నిటికంటే కష్టమైన పని అదే. ఏడుసార్లు ఆ పని చేసినవాడికంటే దాన్ని నేర్పగలిగేవాడు ఎవరుంటారు?

ఈ సాయంత్రం మీ గల్లీలో రెండు ఇటుకల మధ్య నిలబడిన పిల్లాడు కనిపిస్తే, వాడు ఆపిన బంతికి కూడా ఒకసారి చప్పట్లు కొట్టండి.