ముల్లు లేచిన తరువాతి మౌనం



గత కార్తికమాసంలో ఒకనాటి బ్రాహ్మీముహూర్తాన మా వేంకటేశ్వరస్వామి ఆలయంలో జరిగిన చిన్న సంఘటనతో ఈ వ్యాసాన్ని ఆరంభిస్తాను. గర్భాలయద్వారాలు తెరిచే వేళకు ఆలయసేవకుడైన ఒక యువకుడు తన చరవాణిని మైకుకు కలిపి సుప్రభాతం వినిపించడం మా ఊరిలో కొన్నేళ్లుగా ఆనవాయితీ. ఆనాడు స్తోత్రభాగం ముగిసి ప్రపత్తి ఆరంభం కావలసిన సంధిలో హఠాత్తుగా ఒక వాణిజ్యప్రకటన మోగింది. క్షణాలలో అప్పు ఇస్తామని, హామీ అక్కరలేదని ఒక కంఠం ఊరంతటికీ చాటింది. ధ్వజస్తంభం దగ్గర నిలబడిన ఒక వృద్ధురాలు, "కుబేరుడి బాకీయే ఇంకా తీరలేదు. తెల్లవారకముందే స్వామికి మళ్లీ అప్పు అంటగడుతున్నారా నాయనా?" అన్నది. అందరం నవ్వాము. నవ్వు ఆగిన తరువాత నాకు సిగ్గు వేసింది. ఆ సిగ్గుకు కారణమేమిటని విచారించుకోగా కలిగిన భావాలే ఈ వ్యాసం.

నా బాల్యంలో మా ఆలయసుప్రభాతం గ్రామఫోను రికార్డు నుండి వచ్చేది. శ్రీమతి ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారు గానం చేయగా హెచ్.ఎం.వి. సంస్థ 1963లో వెలువరించిన ఎల్పీ అది. అట్టతొడుగు నుండి దానిని అంచులు మాత్రమే పట్టుకుని తీయాలి. మెత్తని గుడ్డతో ధూళి తుడవాలి. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఆ పళ్లెం మీద, ఊపిరి బిగబట్టి, ముల్లును దింపాలి. రికార్డు మీద వేల గీతలున్నట్లు కంటికి తోస్తుంది గాని, నిజానికి ఒక్కొక్క వైపున వెలుపలి అంచు నుండి కేంద్రం దాకా సాగే గాడి ఒక్కటే. ఆ గాడి నడిచే కాలం ఇరవై నిమిషాల పైచిలుకు, అంటే మన కాలమానంలో సుమారు ఒక ఘడియ. ఘడియ నిండగానే ముల్లును ఎత్తి, రికార్డును తిరగవేసే సేవ నాకు అప్పగించారు. ఒకసారి కునుకుపాటులో ఉండగా ముల్లు గీత పడిన చోట చిక్కుకుని, ఒకే పాదం పది పన్నెండుసార్లు మోగింది. "స్వామి ఎప్పుడో లేచారు, ఇక నీవు లే" అని మా తండ్రిగారు నన్ను తట్టి లేపారు.

ఇంతవరకు చదివినవారు, ఈ అర్చకుడు కూడా పాతరోజులే మంచివని చెప్పబోతున్నాడని భావించవచ్చు. అలా చెప్పడానికి నాకు అధికారం లేదు. ఆ రికార్డు మా ఆలయానికి వచ్చిన నాడు దానిని వ్యతిరేకించినవారు మా తండ్రిగారే. అంతకుముందు సుప్రభాతం ఆయన కంఠం నుండి వచ్చేది. అధమపాఠకులు ఆరుగురని పాణినీయశిక్ష చెబుతుంది. వ్రాసినది చూసి చదివేవాడు వారిలో ఒకడు. "చూసి చదివేవాడే అధముడైతే, తాను నోరు విప్పక పళ్లెం చేత చదివించేవాడిని ఏమనాలి?" అని ఆయన ప్రశ్న. గ్రామపెద్దలు ఆ రికార్డును ఎంతో భక్తితో కొని తెచ్చారు గనుక ఆయన ఊరకున్నారు. ఆ గానం మహోన్నతమైనదని తరువాత ఆయనే ఒప్పుకున్నారు. అయినా ఒక మాట సత్యం. నేడు నేను దేనికోసం బెంగపడుతున్నానో, అదే ఒకనాడు మా తండ్రిగారి కంఠాన్ని మూగబుచ్చింది. ప్రతి తరమూ తనకు ముందున్న దానిని పోగొట్టి, తన బాల్యంలో ఉన్నదానిని సనాతనమని పిలుస్తుంది. గతస్మృతి మధురమే కావచ్చు, కాని అదీ రాగమే. సాధకుడు దానినీ పరీక్షించుకోవాలి.

మీమాంసకుల మతంలో శబ్దం నిత్యం. ఉచ్చారణ దానిని పుట్టించదు, వ్యక్తం చేస్తుంది. చీకటి గదిలోని కుండను దీపం చూపుతుందే గాని పుట్టించదు గదా! ఆ దృష్టితో చూస్తే రికార్డులోని గాడి, చరవాణిలోని అంకెల ప్రవాహం, రెండూ వ్యంజకాలే. దీపం మారిందని దుఃఖించడం దేనికి? మరి నాకు నిజంగా పోయినది ఏమిటి?

ఈ ప్రశ్నకు సమాధానం నేను ఊహించని చోటి నుండి వచ్చింది. మా మేనల్లుడు ఉద్యోగరీత్యా అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో ఉంటున్నాడు. 1959లో బెర్రీ గోర్డీ అక్కడ స్థాపించిన మోటౌన్ సంస్థ మూలంగా ఆ నగరం 'సోల్' సంగీతానికి ప్రసిద్ధి. బానిసలుగా తరలింపబడిన ఆఫ్రికా ప్రజల సంతతివారు తమ చర్చిలలో పాడుకున్న ప్రార్థనాగానం ఆ సంగీతానికి ఒక ప్రధానమైన మూలం. అందులో మహాగాయనిగా కీర్తి పొందిన అరీతా ఫ్రాంక్లిన్ తండ్రి ఆ నగరంలోనే మతబోధకుడు. లోకప్రసిద్ధి కలిగిన తరువాత ఆమె 1972 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లోని ఒక చర్చిలో రెండు రాత్రులు ప్రార్థనాగీతాలు పాడగా, అది 'అమేజింగ్ గ్రేస్' పేరుతో జంట ఎల్పీగా వెలువడింది.

మావాడు ఆ పాత రికార్డును సంపాదించి, వీడియోలో నాకు చూపించాడు. 'సోల్' అంటే ఆత్మ అని వాడు చెప్పగానే నాలోని పాఠశాల విద్యార్థి మేల్కొన్నాడు. "ఆత్మకు శబ్దం లేదని, స్పర్శ లేదని కఠోపనిషత్తు చెబుతోంది గదరా! శబ్దమే లేనిదానికి సంగీతమెక్కడిది?" అన్నాను. వాడు నవ్వి, "మామయ్యా, ఈ వైపు పూర్తయ్యేదాకా మాట్లాడకండి" అన్నాడు. అంచులు పట్టుకుని తీశాడు, తుడిచాడు, ముల్లు దింపాడు, కదలకుండా కూర్చున్నాడు. ఆ భాష నాకు అంతగా అర్థం కాలేదు. కాని వాడి కూర్చునే తీరు అర్థమైంది. ఆచమనం, ఆసనం, సంకల్పం, అన్నీ అందులో ఉన్నాయి. గాడి ముగిసింది. ముల్లు లేచింది. అక్కడ వాడు, ఇక్కడ నేను, కొంతసేపు మాట్లాడలేదు. నేను వేసిన ప్రశ్నకు సమాధానం ఆ మౌనమే.

రికార్డు మనకిచ్చిన వరం దాని నాదమాధుర్యం మాత్రమే కాదు, దానికి ముగింపు ఉండడం. శ్రవణం తరువాత మననం, మననం తరువాత నిదిధ్యాసనం అని ఉపనిషత్తు విధించిన క్రమం. మననానికి ఖాళీ కావాలి. ప్రణవంలోని మూడు మాత్రల తరువాత మాత్ర లేని నాల్గవదానిని మాండూక్యం చెప్పినది కూడా శబ్దం ఆగిన చోటనే. నేటి ప్రసారవ్యవస్థ ఆ ఖాళీని సహించదు. సుప్రభాతం ముగిసీ ముగియగానే, మనం అడగకుండానే మరొక పాట మొదలవుతుంది. శ్రవణం మీద శ్రవణం వచ్చి పడుతుంది, మననానికి ఆసనం దొరకదు.

ఘంటసాల వేంకటేశ్వరరావుగారి భగవద్గీతనే చూడండి. ఆయన 1974 ఫిబ్రవరి 11న పరమపదించిన తరువాత వెలువడిన ఆ గానాన్ని ఒకప్పుడు ఇంటిల్లిపాదీ కూర్చుని వినేవారు. నేడు అది ప్రతి చేతిలోనూ ఉంది. కాని వీధిలో అది వినిపిస్తే, "ఎవరు పోయారు?" అని అడుగుతున్నాము. అర్జునుడు బ్రతికి యుద్ధం చేయడానికి విన్న గీత, మన ఊళ్లలో పాడెబండి గుర్తు అయింది. లభ్యత పెరిగింది, శ్రవణం క్షీణించింది.

నూతనవ్యవస్థను నేను నిందించడం లేదు. మంచం పట్టిన వృద్ధులకు, దేవాలయం లేని దేశాలలో ఉన్న మన బిడ్డలకు అది మహోపకారం చేస్తున్నది. పోనీ, రికార్డులు కొంటే సరిపోతుందా? 2022లో అమెరికాలో సీడీల కంటే రికార్డులే ఎక్కువ సంఖ్యలో అమ్ముడయ్యాయి. 1987 తరువాత అలా జరగడం అదే మొదటిసారి. కొనడం సులభమే, కూర్చోవడమే కష్టం. రికార్డు మనకు బలవంతంగా నేర్పిన నియమాన్ని ఇప్పుడు మనమే స్వచ్ఛందంగా పాటించాలి. సాధకులకు నా విన్నపం ఒక్కటే. దినానికి ఒక ఘడియ, ఒకే స్తోత్రమో ఒకే కీర్తనో, వేరే పని లేకుండా కూర్చుని వినండి. దానంతట అదే తరువాతి పాటకు పోయే ఏర్పాటును ఆపివేయండి. ముగిసిన తరువాత పది నిమిషాలు ఏమీ వినకండి.

ఇక నా సిగ్గు సంగతి. తిరుమలలో నేటికీ బంగారువాకిలి ముందు సుప్రభాతం పఠించేవి మనుష్యకంఠాలే. స్వామిని మేల్కొలిపే పనిని నేను మాత్రం యంత్రానికి అప్పగించి, దీపాలు సర్దుకుంటూ ఉండిపోయాను. తప్పు ఆ ప్రకటనది కాదు, నాది. మరునాటి నుండి ఆ నాలుగు భాగాలనూ నేనే పఠిస్తున్నాను. యాభై ఏడేళ్ల కంఠం, కార్తికపు చలిలో రెండుచోట్ల పట్టేసింది. సుబ్బులక్ష్మిగారి గానం విన్న చెవులకు అది రుచించదని తెలుసు. చరవాణి కలిపే ఆ యువకుడు మూడవనాడు నా ప్రక్కన నిలబడి, "గురువుగారూ, నాకు సంథ చెబుతారా?" అని అడిగాడు. ఇప్పుడు నేను ఒకసారి చెబితే వాడు రెండుసార్లు చెబుతున్నాడు. మంగళాశాసనం ముగిసిన తరువాత ఇద్దరం కొంతసేపు ఏమీ మాట్లాడము.

శుభం భూయాత్.