వాగు వెంట డార్విన్ దారి

పిల్లలూ! జలుబు చేస్తే అమ్మ నీలగిరి తైలం రాస్తుంది గదా? ఆ చెట్టుకు పుట్టిల్లు ఆస్ట్రేలియా. అక్కడ సిడ్నీ నగరానికి పడమటగా ‘బ్లూ మౌంటెన్స్’ అనే కొండలున్నాయి. అంటే అవీ నీలగిరులేనన్నమాట! మన నీలగిరులకు మాత్రం ఈ చెట్టు రాకముందే ఆ పేరున్నది. ఆకులనుంచి లేచే తైలపు ఆవిరి గాలిలో అతిసూక్ష్మమైన కణాలుగా మారుతుంది. అవి ఎండలోని నీలపు వెలుగును ఎక్కువగా వెదజల్లడం వల్ల దూరపు కొండలు మరింత నీలంగా కనిపిస్తాయి.

1836 జనవరిలో ఛార్లెస్ డార్విన్ అక్కడొక సత్రం దగ్గర గుర్రాలకు మేత వేయించి, ఒక వాగు వెంట నడిచాడు. అప్పుడాయనకు 26 ఏళ్లు. ఈనాడు వెంట్‌వర్త్ ఫాల్స్ అనే ఊరినుంచి ఆ వాగు పక్కనే కాలిబాట ఉన్నది. పోను సుమారు 2.5 కిలోమీటర్లు. తాతగారి చెయ్యి పట్టుకుని చిన్నవాళ్లు కూడా నడవవచ్చు. వాగు అంత నెమ్మదిగా పారుతుంటే ముందు ఏమున్నదో ఎవరూ ఊహించలేరు. చెట్లు తొలగగానే కాళ్లముందు పెద్ద అగాధం! డార్విన్ కూడా నివ్వెరపోయాడు. మన చిన్నవాగే అక్కడ జలపాతమై దూకుతుంది.

కనుక నీటి హోరు వినపడగానే పరుగు మానండి, కటకటాలు దాటకండి. పెద్దవానలకు దారి మూసి ఉంటే మారుమాట లేకుండా వెనక్కు తిరగండి. వచ్చిన దారిలోనే చూడని చెట్లు ఎన్నో ఉంటాయి.