ముఠా నాయకుడి కథ చాలు



ఒంగోలు హైవే హత్యల మీద మీ పత్రికలో ఆదివారం వచ్చిన కథనం చదివాను. ముఠా నాయకుడి వేషాలు, ఎత్తులు పేజీ నిండా ఉన్నాయి. ప్రాణాలు పోయిన డ్రైవర్లకు, క్లీనర్లకు దక్కింది ఒక్క వాక్యం. ఆ నాయకుడి మారుపేరు మా అద్దంకి వైపు పిల్లలకూ తెలుసు. పోయినవాళ్లది ఏ ఊరో పెద్దలకూ తెలియదు.

2008లో జరిగిందేమిటి? ఇనుము లోడు లారీలను ఆ ముఠా వాళ్లు అధికారుల వేషంలో ఆపి కాగితాలు చూపమన్నారు. రోడ్డు మీద రోజూ వినే మాటే గనుక డ్రైవర్లు అనుమానించలేదు. నైలాన్ తాడు మెడకు బిగించి చంపారు. శవాలను పూడ్చి, సరుకు అమ్ముకుని, లారీలను ముక్కలు చేసి తుక్కు కింద వేశారు. తమిళనాడు యజమాని ఒకరు తన బండి ఏమైందని ఫిర్యాదు చేయబట్టి గుట్టు రట్టయింది. 2021 మేలో ఒంగోలు కోర్టు 12 మందికి ఉరిశిక్ష వేసింది.

హంతకుడికి ఇంత ప్రచారం అక్కర్లేదు. 2019లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని పొట్టనపెట్టుకున్న వాడి పేరు తన నోట పలకనని ఆ దేశ అప్పటి ప్రధాని జెసిండా ఆర్డెర్న్ పార్లమెంటులోనే చెప్పారు. మన పత్రికలు అంత పట్టు పట్టనక్కర్లేదు. దర్యాప్తు, తీర్పు రాయాల్సిందే. హంతకుణ్ణి సినిమా విలన్‌లా తీర్చిదిద్దడమే వద్దంటున్నాను.

పత్తి బేళ్లు, మిర్చి టిక్కీలతో హైవే మీది మేదరమెట్ల దాటే లారీల్లో ఇవాళా అలాంటి డ్రైవర్లు, క్లీనర్లే ఉన్నారు. ఈసారి హతుల కుటుంబాలను వెతకండి. వాళ్లు సరేనంటే, పరిహారం అందిందా, పిల్లలు చదువుకున్నారా అని అడిగి రాయండి.

— ఒక పాఠకుడు, అద్దంకి