చేతికొచ్చింది ఎంత? హక్ ఎంత?

మొన్న జుమ్మా నమాజ్ అయ్యాక నస్రుల్లాబాద్‌లో మా ఇంటి అరుగు మీద కూర్చుంటే మా ఖాలా కొడుకు వచ్చి ఫోన్ నా ముందు పెట్టాడు. హైదరాబాద్‌లో ఒక మాల్‌లో సెక్యూరిటీ గార్డ్. ఏజెన్సీ కింద నౌకరీ. బ్యాంక్ మెసేజ్‌లో 9,440 రూపాయలు పడినట్టు ఉంది. "భాయ్‌జాన్, తన్ఖా పద్నాలుగు వేలన్నరు. మిగతాది ఎటు పోయింది?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే పక్కనున్న పెద్దాయన జవాబిచ్చేశారు. "కటింగ్ ఉంటది బేటా. సబర్ చెయ్యి. రిజ్క్ ఇచ్చేది అల్లా."

రిజ్క్ ఇచ్చేది అల్లాయే, అందులో నాకు షక్ లేదు. కానీ మధ్యలో 4,560 రూపాయలు మింగింది ఎవరని అడిగితే సబర్ చెయ్యమనడం ఏం జవాబు? సబర్ ముసీబత్ మీద చేస్తారు, చోరీ మీద కాదు.

ఉర్దూ మీడియంలో మా హిసాబ్ మాస్టర్ గారు నఫా నుక్సాన్ లెక్కలు చాలా చేయించేవారు. సేట్ ఇన్ని గజాల కపడా కొన్నాడు, ఇంతకు అమ్మాడు, నఫా ఎంత? పది మంది మజ్దూర్లు ఒక గోడ ఎన్ని రోజుల్లో కడతారు? ఆ పది మందికి సాయంత్రం ఎంత ఇచ్చారన్న ప్రశ్న మాత్రం పదో తరగతి దాకా రాలేదు. ఆ లెక్కే ఆ రోజు అరుగు మీద కాగితం తీసి చేశాం.

ముందుగా న్యాయంగా పోయేది. కనీస వేతనం, అంటే మన ఉర్దూలో కమ్ అజ్ కమ్ ఉజ్రత్, మూల వేతనం, కరువు భత్యం కలిపిన మొత్తం. వాడిది 14,000. అందులోంచి పీఎఫ్ 12 శాతం, 1,680. ఈఎస్ఐ ముప్పావు శాతం, 105. వృత్తి పన్ను మన రాష్ట్రంలో 15,000 దాటితేనే కాబట్టి సున్నా. మిగిలేది 12,215. వాడి చేతికి రావాల్సింది ఇది.

ఏజెన్సీ చేసింది వేరు. యజమాని తన జేబులోంచి కట్టాల్సిన వాటా కూడా వీడి తన్ఖాలోంచే కోసింది. యజమాని పీఎఫ్ వాటా, దాని మీది చిల్లర ఛార్జీలు కలిపి 13 శాతం, అంటే 1,820. ఈఎస్ఐలో యజమాని వాటా మూడుంపావు శాతం, 455. ఇవి తీస్తే 9,940. యూనిఫామ్ పేరుతో ఇంకో 500. అయిపోయింది, 9,440. అడిగితే "నీ మీద కంపెనీకి అయ్యే ఖర్చే పద్నాలుగు వేలు" అన్నారట. యజమాని వాటాను కార్మికుడి జీతంలోంచి కోయకూడదని పీఎఫ్ చట్టంలోనూ ఉంది, ఈఎస్ఐ చట్టంలోనూ ఉంది. యూనిఫామ్ ఖర్చు అయితే చట్టం ఒప్పుకున్న కటింగ్‌ల జాబితాలోనే లేదు.

ఇంతవరకు చూసి వాడు కాగితం మడవబోయాడు. ఆగు, డ్యూటీ ఎన్ని గంటలు అన్నాను. పన్నెండు. వారానికి ఆరు రోజులు. అంటే 72 గంటలు. చట్టం లెక్క 48 గంటలు, ఆపైన ప్రతి గంటకు రెట్టింపు. 24 గంటలకు రెట్టింపు అంటే 48 గంటల కూలి. వారానికి వాడు చేసిన పని విలువ 96 గంటల కూలి! నెల మొత్తం తీసుకుంటే పద్నాలుగు వేలు కాదు, దానికి రెండింతలు, 28,000. వాడు నా మొహం చూశాడు. పెద్దాయన తస్బీహ్ తిప్పడం ఆపారు.

చట్టాన్ని పొగడడానికి ఇది రాయడం లేదు. కనీస వేతనం లెక్క ఎట్లా మొదలైందో చూడండి. 1957లో 15వ ఇండియన్ లేబర్ కాన్ఫరెన్స్ ఒక కొలత పెట్టింది. సంపాదించే మనిషి, భార్య, ఇద్దరు పిల్లలు, అందరూ కలిపి మూడు యూనిట్లు. యూనిట్‌కు 2,700 కేలరీల తిండి, ఇంటిల్లిపాదికి ఏడాదికి 72 గజాల బట్ట, కిరాయి, వంటచెరకు. పిల్లల చదువు, దవా, ముసలితనం కోసం ఇంకో 25 శాతం కలపాలని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. మరి అమ్మీ, అబ్బా? ఆ మూడు యూనిట్లలో లేరు. నికా కాని చెల్లెలు లేదు. మన ఇళ్లలో ఒక్క తన్ఖా మీద ఏడుగురు కూర్చుని తింటారు, కాగితం మీద నలుగురే ఉన్నారు. దేశమంతటికీ కనీసం రోజుకు 375 రూపాయలు ఉండాలని 2019లో కేంద్రం వేసిన కమిటీయే చెప్పింది. అదే ఏడు కేంద్రం ప్రకటించింది 178. అంటే కనీస వేతనమే తక్కువ. అందులోంచి మళ్లీ కోయడాన్ని జుల్మ్ అనకుండా ఇంకేమనాలి?

ఇంకో మాట. ఇది చెప్తే మనవాళ్లకే కోపం వస్తుంది. కటింగ్ లేకుండా పూరా పైసా చేతిలో పెట్టే సేట్ మంచోడని మనకొక నమ్మకం. మా అమ్మీ ముప్పై ఏళ్లు బీడీలు చేసింది. నిజామాబాద్, కామారెడ్డి వైపు ఏ ఇంటి గడపలో చూసినా చాటలో తునికాకు, జర్దా, కత్తెర కనిపించే రోజులు. టేకేదార్ అమ్మీతో అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తు. "పీఎఫ్‌లో పేరెక్కితే నూటికి పది పోతయి ఆపా. నువ్వు పూరా పైసా తీసుకో." అమ్మీ ఖుషీ అయింది. ఆమె పది శాతం మిగిలింది, నిజమే. పైన సేట్ కట్టాల్సిన పది శాతం కూడా మిగిలింది. టేకేదార్ ఆ రెండో పది గురించి చెప్పలేదు.

2015 మార్చిలో తెలంగాణ సర్కార్ బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల పింఛను మొదలుపెట్టింది. 2019లో అది 2,016 అయింది. అప్పుడు పెట్టిన షరతు ఒకటే గట్టిది: 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్‌లో పేరుండాలి. పక్కింటి చాచీకి ఉంది, వచ్చింది. అమ్మీకి లేదు, రాలేదు. ఇద్దరూ ఒకే గోడకు ఆనుకుని, ఒకే టేకేదార్‌కు చేసినవాళ్లు. ఇప్పటి లెక్కలో చెప్తాను. వెయ్యి బీడీలకు 250 అనుకుందాం. రోజుకు ఎనిమిది వందలు, నెలకు పద్నాలుగు రోజులు పని దొరికితే 2,800. బీడీ పనికి పీఎఫ్ 10 శాతం, 280. ఏడాదికి 3,360. అది మిగుల్చుకోబోతే పోయేది ఏడాదికి 24,192 రూపాయల పింఛను. ఆకు చాలక సొంత పైసలతో కొన్నది, బాగాలేవని పక్కకు తీసేసిన బీడీలు, అవి ఈ లెక్కలో వేయలేదు. అమ్మీ వేళ్లు ఇప్పుడు రొట్టె తుంచడానికి కూడా సహకరించవు.

కాబట్టి చేతికి ఎక్కువ వచ్చిందని సంబరపడకండి. తక్కువ వచ్చిందని ఊరికే తిట్టకండి కూడా. పోయింది ఎక్కడికి పోయిందో అడగండి. నీ పేరున జమ అయితే అది అమానత్. కాకపోతే దాని పేరు మనందరికీ తెలుసు.

ఇక మన సేట్లు. కపడా దుకాణం, బేకరీ, హోటల్, మెకానిక్ షెడ్. కూలివాడి చెమట గురించిన హదీస్ వీళ్లందరికీ జబానీ వచ్చు. చాలామంది గల్లా పైన ఫ్రేమ్ కట్టించి పెట్టుకున్నారు. దాని కిందే పిల్లాడు పొద్దున పది నుంచి రాత్రి పది దాకా నిలబడి ఏడు వేలు తీసుకుంటాడు. ఇరవై మంది లేకపోతే పీఎఫ్ లేదు, పది మంది లేకపోతే ఈఎస్ఐ లేదు, ఒప్పుకుంటాను. కనీస వేతనానికి అట్లాంటి షరతు లేదు సేట్ సాబ్, ఒక్కణ్ణి పెట్టుకున్నా ఇవ్వాల్సిందే. పైగా పీఎఫ్ లేని చోట కోయడానికే ఏమీ లేదు కాబట్టి మొత్తం చేతికి రావాలి. రంజాన్ రాగానే అదే పిల్లాడి ఇంటికి జకాత్ పైసలు, సేమియా పాకెట్లు పంపిస్తారు. బాకీ ఉన్న ఉజ్రత్ బదులు జకాత్ చెల్లుతుందా? ఏ ఆలిమ్‌నైనా అడిగి చూడండి. వాడి హక్ మీ దగ్గరే పెట్టుకుని, అందులోంచే ఒక ముక్క ఖైరాత్ చేసి, వాడితోనే దువా చేయించుకుంటున్నారు. గిట్టుబాటు కాదంటారు. కిరాయి గిట్టకపోతే ఇంటి ఓనర్‌కు సగమే ఇస్తున్నారా? కరెంటు బిల్లు సగం కడుతున్నారా? సగం ఇచ్చినా నోరెత్తనివాడు ఒక్కడే ఉన్నాడు కాబట్టి గిట్టుబాటు వాడి దగ్గరే దొరుకుతోంది.

కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించడం బలవంతపు చాకిరీయే అని 1982లో ఆసియా క్రీడల కూలీల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నాకు అప్పుడు నడక కూడా సరిగ్గా రాదేమో. ఇప్పుడు నెత్తి నెరిసింది. 2025 నవంబర్ 21 నుంచి కొత్త వేతన కోడ్ అమల్లోకి వచ్చింది. దాని మీద నాకు చాలా షికాయతులు ఉన్నాయి, అవి ఇంకోసారి. కానీ పనికొచ్చేది ఒకటి ఉంది. తక్కువ ఇచ్చారని దావా వేయడానికి ఇంతకుముందు ఆరు నెలలే గడువు, ఇప్పుడు మూడేళ్లు. వేతన స్లిప్ ఇవ్వడం యజమాని బాధ్యత. దరఖాస్తు ఉర్దూలోనూ రాయొచ్చు, 2017 నుంచి రాష్ట్రమంతటా రెండో అధికార భాష. తీసుకోమంటే నా దగ్గరికి రండి, తెలుగులో నేను రాసిపెడతాను. ఆ డిగ్రీ ఇంకెందుకు?

మా ఖాలా కొడుకు స్లిప్ అడిగాడు. "స్లిప్ కావాల్నా, నౌకరీ కావాల్నా" అన్నాడట సూపర్‌వైజర్. వాడు నౌకరీ అన్నాడు. వాడిని నేను తప్పు పట్టలేను, ఇంట్లో ఏడుగురు. కానీ అదే రాత్రి పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూశాడు. నాలుగు నెలల నుంచి అందులో రూపాయి పడలేదు. కోసిన రెండు వాటాలూ లేవు. ఇప్పుడు వాడి షిఫ్ట్‌లోని ఇంకో పదకొండు మంది తమ పాస్‌బుక్‌లు తెరుస్తున్నారు.

వచ్చే జుమ్మా కూడా నేను నస్రుల్లాబాద్‌లోనే ఉంటాను. నమాజ్ తర్వాత అరుగు మీద. స్లిప్ లేకపోయినా బ్యాంక్ మెసేజ్ చాలు, ఎన్ని గంటల డ్యూటీయో రాసుకుని రండి. బీడీలు చేసే ఆపాలు లోపల అమ్మీ దగ్గర కూర్చోవచ్చు. పెద్దాయన కూడా వస్తానన్నారు, తన మనవడి మెసేజ్ పట్టుకుని.