ప్రాక్టీసు అమ్మకాలు – రోగుల కాగితాలు

ఒక హృద్రోగ నిపుణుడో, నేత్ర వైద్యుడో పాతికేళ్ళు ఒకే పట్టణంలో వైద్యం చేసి, వయసు మీదపడిన తరువాత తన నర్సింగ్ హోమును విక్రయిస్తాడు. కొన్నవాడు నిజానికి కొన్నదేమిటి? భవనం తరచు అద్దెది. యంత్రాలు ఏటేటా తరుగుదలకు లోనయ్యేవి. లెక్కలలో మిగిలే పెద్ద మొత్తానికి 'గుడ్‌విల్' అని పేరు. నిన్న వచ్చిన రోగులు రేపు కూడా ఆ గుమ్మానికే వస్తారన్న నమ్మకానికి కట్టిన ధర అది. అటువంటి రోగులలో రైల్వే, తపాలా ఉద్యోగులు, పింఛనుదారులు గణనీయంగా ఉన్నారు. చేతులు మారిన ఆస్తిలో మన సభ్యుడు కూడా ఒక పద్దు. ఆ సంగతి అతనికి చెప్పినవారు లేరు.

బ్రిటన్‌లో 1948కి పూర్వం ఈ వ్యాపారం బాహాటంగానే సాగినది. కుటుంబ వైద్యునిగా స్థిరపడదలచిన యువకుడు అప్పు చేసి, ఒకటి రెండేళ్ళ రాబడికి సమానమైన ధర చెల్లించి, పాత వైద్యుని ప్రాక్టీసును కొనుక్కొనేవాడు. అప్పు తీర్చవలసిన వైద్యుడు డబ్బు చెల్లించగల రోగులున్న వీధినే వెతుక్కొంటాడు. అందుచేత గని కార్మికుల వాడలకు వైద్యులు కరవయ్యేవారు. బొగ్గు గనిలో పనిచేసి, కార్మికోద్యమం నుండి ఎదిగి ఆరోగ్యమంత్రి అయిన అన్యూరిన్ బెవాన్ ఈ పద్ధతికి స్వస్తి చెప్పాడు. 1946 నాటి చట్టం జాతీయ ఆరోగ్య సర్వీసులో చేరిన కుటుంబ వైద్యులు గుడ్‌విల్ అమ్ముకొనడాన్ని నిషేధించి, అందుకు పరిహారంగా 6.6 కోట్ల పౌన్లు కేటాయించినది. వైద్యుల సంఘం తీవ్రంగా ప్రతిఘటించినా 1948 జూలై 5న ఆ సర్వీసు ప్రారంభమైనది. ప్రత్యేక నిపుణులు మాత్రం ఆసుపత్రులలో జీతం పుచ్చుకొంటూ ప్రైవేటు రోగులను చూసుకొనే హక్కును నిలుపుకొన్నారు. ఆ కిటికీని బెవాన్ కూడా మూయలేకపోయాడు.

మన దేశంలో అటువంటి నిషేధమేదీ లేదు. వృద్ధుడైన వైద్యుడు తన కష్టార్జితాన్ని శిష్యునికో, మరొక నిపుణునికో అప్పగించి విశ్రాంతి తీసుకొంటే తప్పు పట్టవలసినదీ లేదు. మారినది కొనుగోలుదారు. ఆసుపత్రుల రంగంలోకి నూటికి నూరు శాతం విదేశీ పెట్టుబడిని 2000లో అనుమతించిన తరువాత పెట్టుబడి నిధుల సంస్థలు ప్రవేశించాయి. హైదరాబాదులో హృద్రోగ నిపుణులు 1997లో స్థాపించిన కేర్ ఆసుపత్రి సంగతి చూడండి. 2012లో ఆడ్వెంట్, 2016లో అబ్రాజ్, అనంతరం టి.పి.జి., 2023లో బ్లాక్‌స్టోన్ – ఇలా పెట్టుబడిదారులు ఒకరి తరువాత ఒకరు వచ్చారు. అక్కడి వైద్యంపై మనం తీర్పు చెప్పడం లేదు. కొన్ని సంవత్సరాలలో తిరిగి అమ్మడానికే కొనే పెట్టుబడి స్వభావాన్ని ఎత్తి చూపుతున్నాము.

ఇటువంటి బేరంలో ధరను సాధారణంగా ఏడాది లాభానికి ఇన్ని రెట్లు అని లెక్కిస్తారు. రోగుల నమ్మకం పాత వైద్యుని మీద గనుక, ఆయన మరి కొన్నేళ్ళు అక్కడే పనిచేయాలని ఒప్పందం వ్రాయిస్తారు. ధరలో కొంత భాగాన్ని ఆపి ఉంచి, రాబడి అనుకున్న మేరకు వస్తేనే చెల్లించడం కూడా ఉన్నది. నిన్నటి దాకా "ఇప్పుడే ఆపరేషన్ అక్కరలేదు" అనగలిగిన నిపుణుని నోటికి ఈ షరతు ఎంత బరువో ఊహించుకోవచ్చు. అమెరికాలో పెట్టుబడి సంస్థలు కొన్న 578 చర్మ, జీర్ణకోశ, నేత్ర వైద్య ప్రాక్టీసులను పరిశీలించి 2022లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కొనుగోలు తరువాత ఒక్కొక్క క్లెయిములో వేసిన బిల్లు సగటున 20 శాతం అధికమైనది. ఆ దేశపు బీమా పద్ధతి వేరు, మనది వేరు. రాబడి పెంచుకోవాలనే ఆత్రుత మాత్రం ఎక్కడైనా ఒకటే.

ఆర్.ఎం.ఎస్.లో సార్టింగ్ అసిస్టెంటుగా రిటైరైన ఒక సభ్యుడు ఇటీవల మన కార్యాలయానికి వచ్చారు. ఆయన భార్యకు రెండేళ్ళ క్రితం ఒక నర్సింగ్ హోములో స్టెంటు వేశారు. అది చేతులు మారినది, వైద్యుడు వేరే ఊరికి వెళ్ళిపోయాడు. మళ్ళీ నొప్పి వచ్చి వెళితే పాత ఫైలు తమ వద్ద లేదన్నారు. పరీక్షలన్నీ మొదటి నుండి చేయించుకోవలసి వచ్చినది. ఆ పెద్దాయన డబ్బు సంగతి ఒక్కసారే ఎత్తారు. "అసలు ఏ నాళంలో స్టెంటు వేశారో మాకు చెప్పగలవారు లేరండీ" అన్న మాట మాత్రం మూడుసార్లు అన్నారు.

2002 నాటి భారత వైద్య మండలి నియమావళి ప్రకారం, ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డులను వైద్యుడు మూడేళ్ళు భద్రపరచాలి. అడిగిన 72 గంటలలో ఇవ్వాలి. బాధ్యత వైద్యునిపై ఉంచారు సరే, వైద్యుడు వెళ్ళిపోయి, ఫైళ్ళు భవనంతో పాటు పరుల పాలైనప్పుడు రోగి ఎవరి చుట్టూ తిరగాలి?

రైల్వే ఆసుపత్రులు ప్రైవేటు ఆసుపత్రులతో ఒప్పందాలు చేసుకొంటున్నాయి. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకానికీ గుర్తింపు పొందిన ఆసుపత్రుల జాబితా ఉన్నది. యాజమాన్యం మారితే ఆ సంగతి లబ్ధిదారులకు ముందుగా తెలపాలనీ, పాత రికార్డుల బాధ్యత కొన్నవారు వ్రాతపూర్వకంగా స్వీకరించాలనీ, జరుగుతున్న చికిత్స పాత రేట్లకే పూర్తి కావాలనీ ఆ ఒప్పందాలలో చేర్పించవలసి ఉన్నది. శాఖా కార్యదర్శులు తమ పరిధిలో చేతులు మారిన ఆసుపత్రుల వివరాలను ఫెడరేషన్ కార్యాలయానికి పంపగలరు. ఈలోగా ఆసుపత్రి నుండి డిశ్చార్జి అయ్యే ప్రతి సభ్యుడు తన రికార్డుల నకలు కోరుతూ ఒక కాగితం వ్రాసి ఇచ్చి, దానిపై అందినట్లు సంతకం తీసుకొని మరీ ఇంటికి వెళ్ళాలి.